ఎసరు పెట్టే ఒకామె

అక్టోబరు 9, మంగళవారం

బడి కప్పు మీద రేకులు బిగిస్తుంటే కింది నుంచి ఉపా రోఛింగ పిలిచారు. మా మిజో మాటలో ఉపా అంటే చర్చి పెద్ద. సంఘపెద్దల కార్యదర్శి నన్ను వెతుక్కుంటూ పనిచోటికి రావడం ఇదే మొదటిసారి. నిచ్చెన దిగి చేతులు తుడుచుకునే లోపే నాలుగు మడతలు పెట్టిన పేపరు చేతిలో పెట్టారు. మన ఊరి పేపరే. మూడో పేజీలో ఉత్తరం. ఆదివారానికి కావాలి కాబట్టి ఇక్కడ ఎక్కిస్తున్నాను:

“మా అమ్మమ్మల కాలం నుంచి ప్రతి పూటా ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి సంఘం సంచిలో వేస్తున్నాం. ఆ పిడికెళ్ళతోనే గుడి లేచింది. ఆ పిడికెళ్ళతోనే బోధకులు కొండలు దాటి వెళ్ళారు. పెద్దల గదిలోకి మాత్రం మేము టీ పళ్ళెంతో తప్ప వెళ్ళలేదు. టీ ఇచ్చాక తలుపు దగ్గరగా వేసి పొమ్మంటారు. అక్కడ ఒక ఆడమనిషి కూర్చుని తన అభిప్రాయం చెబితే దేవుడికి వచ్చిన ఇబ్బంది ఏమిటి? – ఎసరు పెట్టే ఒకామె.”

“పేరు పెట్టే ధైర్యం లేదు చూశావా చోంగ్‌జికా,” అన్నారు ఉపా. “పీత మాంసం మాంసం కాదు, ఆడదాని మాట మాట కాదు అని తాతలు ఊరికే అన్నారా? కానీ వదిలేస్తే రేపు ఇంకొకతె రాస్తుంది. ఆదివారం వాక్యం నువ్వు చెప్పు. నీ నోట్లో నిప్పుంది.”

సరేనన్నాను. డిసెంబరులో పెద్దల ఎన్నిక ఉంది, నా పేరు కూడా అనుకుంటున్నారట. దానికీ దీనికీ సంబంధం లేదు.

ఇంటికొచ్చేసరికి మా ఆవిడ సైథంగి నడుముకు మగ్గం కట్టుకుని నేస్తోంది. పేపరు చూపించాను.

“చదివా,” అంది తలెత్తకుండా.

“ఏమంటావు?”

“ఒక వత్తు ఎగరగొట్టేశారు. ‘ఒక్క ఆడమనిషి’ అని ఉండాలి. ‘ఒక ఆడమనిషి’ అని వేశారు.”

ఉండాలని ఆమెకెలా తెలుసో అడగలేదు. ఆకలిగా ఉండింది.

అక్టోబరు 11, గురువారం

సైథంగి ఈసారి వచనాలు వెతికి పెట్టలేదు. నేత పని ఉందంది. నేనే వెతుక్కున్నాను. మంచిదే. నేను ఏ పాఠశాలలోనూ దైవజ్ఞానం నేర్చుకోలేదు. ఐదో తరగతి, రేకుల కత్తెర, పనిముట్ల పెట్టెలో బైబిలు. ఆత్మే నాకు గురువు.

రెండు గంటలు పట్టింది. మామూలుగా ఇంత పట్టదు.

అక్టోబరు 14, ఆదివారం

ముప్పావు గంట చెప్పాను. సంఘంలో ఆడవాళ్ళు నోరు మెదపకూడదని పౌలు కొరింథు సంఘానికి రాసినది, తిమోతికి రాసినది, ఏదెనులో హవ్వ పాముతో మాటలు పెట్టుకున్న సంగతి. టై తడిసి మెడకు అంటుకుపోయింది. మగవాళ్ళ వైపు నుంచి ఆమేన్లు బాగా వచ్చాయి. చివర్లో వేదిక మీద గుద్ది, “రాసినామె ఈ గుడిలో ఉంటే లేచి నిలబడు!” అన్నాను. ఆడవాళ్ళ వైపు ఒక పసిబిడ్డ ఏడ్చింది, అంతే. వెంటనే ప్రార్థన చేశాను.

బయట ఉపా రోఛింగ రెండు చేతులతో నా చెయ్యి పట్టుకున్నారు.

ఇంటికొచ్చి కోటు విప్పుతుంటే సైథంగి అంది: “నేను లేవబోయాను.”

“ఎక్కడికి?”

“లేచి నిలబడమన్నావు కదా. శాలువా కూడా సర్దుకున్నాను. నువ్వు ఠక్కున ప్రార్థన మొదలెట్టేశావు. ప్రార్థన మధ్యలో లేస్తే బాగోదని ఊరుకున్నా.”

నేను కోటు మేకుకి తగిలించాను.

“ఉత్తరం నేనే రాశాను, జోవి నాన్నా.”

“ఎవరు రాయించారు?”

“ఎవరో రాయించాలా? ఇరవై రెండేళ్ళుగా నీ ప్రసంగాలకి కాగితం ఎవరు రాస్తున్నారు?”

“వచనాలు వెతికి పెడతావు. అది వేరు.”

“వేరేలే,” అంది. ఆ మాట అన్న తీరు నాకు నచ్చలేదు.

పేరెందుకు పెట్టలేదని అడిగాను. పెడితే అది చోంగ్‌జిక భార్య ఉత్తరం అయిపోతుందట. అందరి ఉత్తరంలా ఉండాలనుకుందట. “అది నా తప్పే. నువ్వన్నదాంట్లో ఆ ఒక్కటీ నిజం. వచ్చే ఆదివారం లేచి చెప్పేస్తా.”

“లేవకు.”

“లేవమన్నదీ నువ్వే, వద్దన్నదీ నువ్వే. వేదిక మీద ఉన్నాయన మాట వినాలా, ఇంట్లో ఉన్నాయన మాట వినాలా?”

పందిమాంసం, ఆకుకూర ఉడికించింది. ఇద్దరం తిన్నాం. తినే ముందు ప్రార్థన ఎవరూ చెయ్యలేదని తిన్నాక గుర్తొచ్చింది.

అక్టోబరు 15, సోమవారం

వాన. ఆమె ఎవరికీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. భార్యను కాపాడుకోవడం భర్త ధర్మం. ఎఫెసీ ఐదు.

అక్టోబరు 17, బుధవారం

పెద్దల గదికి పిలిచారు. ఐదుగురు పెద్దలు, పొడుగు బల్ల. స్త్రీల సమాజం నుంచి ఇద్దరు టీ తెచ్చారు. ఇచ్చి వెళ్ళిపోతూ తలుపు దగ్గరగా వేశారు. ఎవరూ వెయ్యమనలేదు. ఎప్పుడూ వేస్తారు కదా అని వాళ్ళే వేశారు.

రాసింది ఎవరో తేలిపోయిందన్నారు ఉపా రోఛింగ. నేను టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాను.

“సాంగ్‌కిమి. బజారులో ఆకుకూరలూ పీతలూ అమ్మే విధవరాలు. శనివారం బియ్యం ఎత్తేవాళ్ళు చెప్పారు, మూడు వారాలుగా ఆమె సంచి ఖాళీ. పిడికెడు బియ్యం మీద ఉత్తరం వచ్చింది, పిడికెడు బియ్యం ఆగిపోయింది. ఇంకేం కావాలి?”

మిగతావాళ్ళు తలూపారు. మా ఊళ్ళో గోడకు సంచి ఖాళీగా వేలాడితే దానికి ఒకటే అర్థం. ఆ ఇంటి ఆడమనిషి సంఘం మీద అలిగింది. వరద వచ్చిన ఏడు కూడా ఎవరి సంచీ ఖాళీగా లేదు.

బజారుకి నన్నూ రమ్మన్నారు. వెళ్ళాను. సాంగ్‌కిమి వక్క చీలుస్తోంది.

“ఉత్తరం నువ్వే రాశావా?” అన్నారు ఉపా.

“ఏ ఉత్తరం? కరెంటాఫీసుకి రాసిందా? దానికింకా జవాబు రాలేదు.”

“వేళాకోళం వద్దు. నీ సంచి మూడు వారాలుగా ఖాళీ.”

“మా అమ్మ జిల్లా ఆసుపత్రిలో ఉంది. పొద్దుటి బేరం అవగానే నేనూ అక్కడికే పోతున్నా. తిండీ అక్కడే, పడకా అక్కడే. ఇంట్లో ఎసరే పెట్టనప్పుడు పిడికెడు ఎక్కణ్ణుంచి తియ్యను?”

“మాటకి మాట! అందుకే అన్నారు, పీత మాంసం–”

“ఆ పీతలే పోయిన శనివారం నా దగ్గర బేరమాడి మరీ పట్టుకెళ్ళారు ఉపా. మాంసం కాకపోతే తిరిగిచ్చెయ్యండి, వేరేవాళ్ళకి అమ్ముకుంటా.”

పక్క కొట్టువాడు నవ్వి, ఉపా చూడగానే దగ్గాడు. సాంగ్‌కిమి నా వైపు తిరిగింది.

“జికన్నా, ఆదివారం నువ్వేగా చెప్పావు, ఆడది నోరు మెదపకూడదని. బిలాము ఎక్కి కొడుతుంటే నోరు తెరిచి మాట్లాడిన గాడిద ఆడగాడిదే కదా? దేవదూత ముందు ఎవరికి కనబడ్డాడు, దానికా, పైనెక్కిన ప్రవక్తకా?”

జవాబు ఉంది. సంఖ్యాకాండం ఇరవై రెండు. ఇంటికొచ్చాక తీసి చూసుకున్నాను.

ఆదివారంలోపు ఒప్పుకోవాలి, లేకపోతే సంఘం పుస్తకంలోంచి పేరు కొట్టేస్తాం, ప్రభు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం ఉండవు, అన్నారు ఉపా. సాంగ్‌కిమి వక్క చీల్చడం ఆపింది. “అమ్మకి ఏమైనా అయితే? చావింట్లో రాత్రంతా పాడడానికి ఎవరూ రారా?” అంది. ఇందాకటి గొంతు కాదది.

“ఎలా ఉంది మీ అమ్మకి?” అని అడిగాను. నేను అన్నది అదొక్కటే.

అక్టోబరు 18, గురువారం

నేను చెప్పకముందే సైథంగికి తెలిసిపోయింది.

“నువ్వక్కడే ఉన్నావట.”

“ఉన్నాను.”

“వక్క కొనుక్కున్నావా?”

పనిముట్ల పెట్టె మూలన పెట్టాను.

అప్పుడు బైబిల్లోని అపొల్లో కథ చెప్పమంది. ఎందుకంటే, చెప్పు అంది. చెప్పాను. అపొల్లో గొప్ప వక్త, లేఖనాల్లో గట్టివాడు, ఆత్మలో మండేవాడు. కానీ అతనికి తెలిసింది సగమే. అలా అని తెలియక సమాజమందిరంలో ధైర్యంగా చెప్పేస్తున్నాడు.

“మిగతా సగం ఎవరు నేర్పారు?”

“అకుల. ఇంటికి పిలిచి.”

“ఒక్కడేనా?”

“అకుల, అతని భార్య ప్రిస్కిల్ల.”

“ఎవరి పేరు ముందుంది, తీసి చూడు.”

తీశాను. అపొస్తలుల కార్యాలు పద్దెనిమిది. ప్రిస్కిల్ల పేరే ముందుంది. ఈ పుస్తకం నేను మొదలు నుంచి చివరిదాకా పదకొండుసార్లు ముగించాను.

“పౌలుకి ఆ ఇల్లు తెలుసు కదా,” అంది. “వాళ్ళతో కూర్చుని డేరాలు కుట్టాడు. ఆమెని నోరు మూసుకోమన్నాడా?”

కొరింథులో పరిస్థితి వేరని చెప్పబోయాను. వేరని మొన్న వేదిక మీద నేను చెప్పలేదు.

శనివారం ఉపా ఇంటికి వెళ్ళి చెప్పేస్తానంది. అమ్మాయి గురించి ఆలోచించమన్నాను. జోవి ఐజోల్‌లో నర్సు, సంఘం ఆసుపత్రిలోనే ఉద్యోగం. “దానికి ఫోన్ చేసి చెప్పా. ‘పేరు పెట్టాల్సింది అమ్మా’ అంది.” అంటే అమ్మాయికి నాకంటే ముందే తెలుసు.

ఎన్నిక మాట నేను ఎత్తలేదు.

ఎత్తాను.

అక్టోబరు 20, శనివారం

పొద్దున సైథంగి వెళ్ళింది, అరగంటలో వచ్చేసింది. ఏమన్నారంటే, “టీ ఇచ్చారు,” అంది.

మధ్యాహ్నం మూడింటికి ఉపా రోఛింగ వచ్చారు. చెమట తుడుచుకుని, ఇంట్లో అందరూ బాగున్నారా అని అడిగారు. ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. తర్వాత జేబులోంచి కాగితం తీశారు.

“రేపు కానుకలకి ముందు ఇది చదివెయ్యి. ఉత్తరం రాసిన సోదరి పశ్చాత్తాపపడింది, సంఘం క్షమించింది. అంతే. పేరు లేదు. నీ పరువూ దక్కుతుంది, గుడి పరువూ దక్కుతుంది. డిసెంబరుకి ఎవరికీ గుర్తుండదు.”

“సాంగ్‌కిమి?” అన్నాను.

“ఆమె పేరు కొట్టెయ్యంలే. ఇంకేం కావాలి?”

పొయ్యి దగ్గర్నుంచి సైథంగి అంది: “బజారంతా చూసింది మీరు ఆమెను అడగడం. రేపు అది వింటే ఆమే అనుకుంటారు.”

“జనం అనుకునేదానికి మనమేం చేస్తామమ్మా?”

“నేను పశ్చాత్తాపపడలేదు ఉపా. పొద్దున కూడా చెప్పాను.”

“పడతావులే. టైము పడుతుంది.” లేచి నా భుజం తట్టారు. “ఇంటి యజమాని చదివితే ఇంట్లోవాళ్ళు చదివినట్టే.”

ఆయన వెళ్ళాక కాగితం బైబిల్లో పెట్టుకున్నాను.

“చదువుతావా?”

“చదవాలి కదా.”

“నేను అనని మాట నా పేరున చదువుతావా?”

“అందులో నీ పేరు లేదు.”

“అదే నేనూ అంటున్నా,” అంది.

అక్టోబరు 21, ఆదివారం

ఉన్నది ఉన్నట్టు రాస్తాను. దీన్ని ఎవరూ చదవరు, నేను కూడా మళ్ళీ చదవకపోవచ్చు.

సాంగ్‌కిమి వచ్చింది. పొద్దుటి జీపులో ఆసుపత్రి నుంచి నేరుగా దిగింది, కట్టుకున్న బట్ట నలిగిపోయి ఉంది. వెనక బల్ల మీద కూర్చుంది. ఆ బల్లకి ఆరుగురు పడతారు. ఆమె ఒక్కతే ఉంది. ముందు బల్లల్లో ఏడుగురేసి ఇరుక్కుని కూర్చున్నారు. వేదిక మీది నుంచి అన్నీ కనబడతాయి. పోయిన ఆదివారం కూడా కనబడే ఉంటాయి.

కాగితం తీసి మొదటి వాక్యం చదివాను. “మన పేపరులో ఉత్తరం రాసిన సోదరి తన తొందరపాటుకు పశ్చాత్తాపపడి సంఘాన్ని క్షమాపణ కోరుతున్నది.” ఆడవాళ్ళ వైపు తలలన్నీ వెనక్కి తిరిగాయి, గాలికి వరిచేను తిరిగినట్టు. సాంగ్‌కిమి ముందు నన్ను చూసింది, తర్వాత తన చేతులు చూసుకుంది.

నేను రెండో వాక్యం మొదలుపెట్టాను. ఆమె ముఖం చూసి కూడా మొదలుపెట్టాను. అది రాయకుండా పోకూడదు.

సైథంగి లేచింది.

“ఆ కాగితం నాది కాదు. ఉత్తరం నాది. సాంగ్‌కిమికి దాంతో ఏ సంబంధమూ లేదు.”

గట్టిగా అనలేదు. ఇంట్లో ఉప్పు అయిపోయిందని చెప్పే గొంతు. అయినా డోలు పక్కన కూర్చున్న ముసలాయన దాకా వినబడింది.

ఉపా రోఛింగ ముందు వరసలోంచి, “కూర్చో అమ్మా, వాక్యం నడుస్తోంది,” అన్నారు.

“వాక్యం కాదు ఉపా, మీ కాగితం నడుస్తోంది.”

మగవాళ్ళ వైపు ఎవరో నవ్వారు. ఉపా నా వైపు తిరిగి, “చోంగ్‌జికా, కానియ్యి,” అన్నారు.

ఆమె లేవకముందే నేను నిజం చెప్పేద్దామనుకున్నాను.

అనుకోలేదు. ఆమె లేచాక కూడా వెంటనే అనుకోలేదు. కాగితం మీద మూడో వాక్యం ఎక్కడ మొదలవుతుందా అని వెతికాను. ఆయన చేతిరాత కొక్కేల్లా ఉంటుంది, అక్షరాలు దొరకలేదు. తలెత్తితే ఆమె ఇంకా నిలబడే ఉంది. నా వైపు చూడడం లేదు. నేను ఏదో చేస్తానని ఎదురుచూస్తున్నట్టు లేదు. అదే నాకు తగిలింది.

“ఆమె చెప్పింది నిజం,” అన్నాను. “ఈ కాగితం ఉపా రోఛింగ రాశారు. ఉత్తరం నా భార్య రాసింది. వారం నుంచి నాకు తెలుసు. బజారులో సాంగ్‌కిమిని అడిగినప్పుడు కూడా తెలుసు.”

ఈసారి ఆమేన్ ఎవరూ అనలేదు. ఎవరో పాట ఎత్తుకున్నారు, డోలు అందుకుంది, అందరూ లేచారు. అందరూ లేచేసరికి సైథంగి కనబడలేదు.

అక్టోబరు 23, మంగళవారం

సైథంగి పేరు ఆరు నెలలు కొట్టేశారు. ఆరు నెలలు ప్రభు బల్ల లేదు, స్త్రీల సమాజంలో మాట్లాడకూడదు. ప్రసంగీకుల జాబితాలో నా పేరు లేదు. ఎన్నిక జాబితా ఇంకా వెయ్యలేదు. వేసినా చూడను. చూస్తాను, అబద్ధమెందుకు.

సాంగ్‌కిమి వాళ్ళమ్మకి నయమవుతోందట. క్షమించమని అడగడానికి బజారుకి వెళ్ళాను.

“నాలుగు రోజులు నా ఆకుకూర ఎవరూ ముట్టుకోలేదు. ఎండిపోయి పందులకేశాను,” అంది. “సైథంగక్క కూర్చున్నచోటి నుంచి లేవాల్సొచ్చింది. నువ్వు నిలబడే ఉన్నావు కదా జికన్నా, మైకు కూడా నీ దగ్గరే ఉంది. నోరెందుకు లేవలేదు?”

“లేచింది కదా, చివరికి.”

“చివరికి గాడిద కూడా మాట్లాడింది,” అని ఆవాలాకు రెండు కట్టలు చేతిలో పెట్టింది. “ఇవి అక్కకి. నీకు కాదు.”

అక్టోబరు 26, శుక్రవారం

సైథంగి ఇంకో ఉత్తరం రాస్తోంది. ఈసారి కింద పేరు ఉంది. చూపించమని అడగలేదు. ఆమె చూపించలేదు.

నవంబరు 4, ఆదివారం

ఈరోజు ప్రభు బల్ల.

మగవాళ్ళ వైపు ఏడో వరసలో కూర్చున్నాను. ఇన్నేళ్ళలో అంత వెనక ఎప్పుడూ కూర్చోలేదు, అక్కణ్ణుంచి వాక్యం సరిగా వినబడదు. రొట్టె పళ్ళెం ఆడవాళ్ళ వైపు సైథంగి దగ్గరికి వచ్చి, ఆమె ముందు నుంచే పక్కామెకి వెళ్ళింది. సైథంగి పళ్ళానికి దారి ఇస్తూ కొంచెం వెనక్కి జరిగింది. నా చేతికి వచ్చింది. నా పేరు ఎవరూ కొట్టెయ్యలేదు. నేను తీసుకోవచ్చు. తీసుకోకుండా పక్కవాడికి అందించాను. ద్రాక్షరసం కూడా అంతే.

ఆమె సంతోషిస్తుందనుకున్నాను. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ అంది:

“ఎందుకు తీసుకోలేదు?”

“నీకు లేనిది నాకెందుకని.”

“నేను అడిగానా?”

“అడగలేదు.”

“నా తరఫున క్షమాపణ నువ్వే చదవబోయావు. ఇప్పుడు నా తరఫున పస్తు కూడా నువ్వేనా? నా శిక్షలో వాటా కావాలంటే ముందు నన్నడగాలి కదా, జోవి నాన్నా.”

కోపమొచ్చింది. త్యాగం చేసినవాడితో మాట్లాడే తీరేనా ఇది. బైబిలు తీసి ఒకరి భారాలు ఒకరు మొయ్యండని ఉన్న చోటు చూపించబోయాను. గలతీ ఆరు. ఆమె చూడకుండానే, “ఐదో వచనం కూడా చదువు,” అంది. ప్రతివాడూ తన బరువు తానే మోసుకోవాలని ఉంది అక్కడ.

“మరి నన్నేం చెయ్యమంటావు?”

“ఫిబ్రవరిలో మళ్ళీ బల్ల ఉంది. తీసుకో. తీసుకునే ముందు లేచి నిలబడి, నా భార్యకెందుకు ఇవ్వడం లేదు, ఆమె అన్నదాంట్లో తప్పేమిటని అడుగు. జవాబు చెప్పమను. నన్ను అడగనివ్వరు. నిన్ను ఆపేవాళ్ళు లేరు కదా.”

ఎసట్లో బియ్యం పొయ్యడానికి లోపలికి వెళ్ళింది.

ఏడో వరస నుంచి అడిగితే ముందుకు వినబడదు. రెండో వరసలో కూర్చోవాలి. అడిగితే ఆ తర్వాత నేను ఏ జాబితాలోనూ ఉండను. ఫిబ్రవరికి ఇంకా మూడు నెలలుంది.

అడుగుతాను అని రాశాను. కొట్టేశాను.

అడుగుతాను.